ఎరయే పెట్టుబడి

గాలపువేటలో లాభనష్టములు నడిసముద్రమున తేలునని పలువురు తలంతురు. వానిలో సగము ఒడ్డుననే, ఎరల బుట్టలోనే తేలిపోవుచున్నవని మా అభిప్రాయము. పూరీలోని పెంఠకట మొదలు గోపాలపురము వరకు ఒడిశా తీరమున తరతరములుగా స్థిరపడిన మన జాలరి కుటుంబములకు ఇది వినోదవిషయము కాదు, కూటి విషయము.

వేటకు పోవువాడు కవళ్ళనో, కానాగంతలనో, రొయ్యలనో ఎరగా కొనిపోవును. అవియు మనుష్యులు తినదగిన ఆహారమే. వానిని ఎండలో పడవ అడుగున పడవైచినచో, పూట గడవకమునుపే పొట్ట చీలి, కండ మెత్తబడి, గాలము నీట పడగనే ఊడిపోవును. ఎరకు పెట్టిన సొమ్మును పోవును, పట్టవలసిన చేపయు పోవును.

“ఐసు ఉండగా చింత యేల?” అని యువకులు అనవచ్చును. ఐసు మంచిదే, ఎర ఎంత తూకమో ఐసును దాదాపు అంత తూకము ఉండవలెను. కాని కరగిన మంచినీటిలో నానిన ఎర తెల్లబారి వాసన కోల్పోవును. ఆ వాసనయే చేపను పిలుచునది. కావున ఎరను సంచిలో కట్టి ఐసుపై ఉంచవలెను. నీరు పోవుటకు పెట్టెకు రంధ్రము ఉండవలెను. ఇంటి ఫ్రిజ్జులో మెల్లగా గడ్డకట్టిన ఎరలో పెద్ద మంచుపలుకులు ఏర్పడి కండను చీల్చును. కరగినదానిని మరల గడ్డకట్టించుట దానిని చేజేతుల చెరచుటయే.

ఉప్పు గుణము వేరు. అది కండలోని నీటిని లాగి గట్టిపరచును. ఎర గాలమును అంటిపెట్టుకొని యుండును. తాజా చేప ప్రేగులు తీసి, సముద్రపు నీట కడిగి, ముక్కలు కోసి, మూడు పాళ్ళ చేపకు ఒక పాలు కల్లుప్పు చొప్పున పొరలుగా పేర్చి, ఊరిన నీరు వంచి, మూత బిగించి నీడను ఉంచినచో కొన్ని వారములు నిలుచును. చెడిన చేపను మాత్రము ఏ ఉప్పును బాగుచేయజాలదు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. 1936 వరకు గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఉప్పుపన్ను భారముగానున్న ఆ కాలమున, మద్రాసు ప్రభుత్వము తీరమున చేపలకు ఉప్పు పట్టించు ఆవరణములు పెట్టి, అందు పన్నులేని ఉప్పు ఇప్పించెడిది. 1947లో ఆ పన్నే తొలగినది. గంజాంలోని హుమ్మా ఉప్పుమళ్ళు మనకు పొరుగుననే యున్నవి. ఎండుచేపలు చేయు మన స్త్రీలకు ఉప్పు పాళ్ళు చేతివ్రేళ్ళకే తెలియును. అయినను ఎర పురుషుల పని, ఉప్పు స్త్రీల పని అని విడదీసికొంటిమి. ఇంటనున్న నేర్పును ఇంటివారే అడుగకుండుట మన నష్టమునకు మూలము.

ఈ నష్టము వేసవిలో మిక్కుటమగును. 2015 మొదలు తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు వేటనిషేధము అమలగుచున్నది. మోటారు లేని సంప్రదాయపు పడవలకు అది వర్తింపదు. కాని మరబోట్లు నిలిచిపోవుటచే వానినుండి కొనెడి చిన్నచేపలు అరుదగును. వేటకు అనుమతి యుండియు ఎర లేక తెప్ప ఒడ్డున పడియుండుట ఎంతటి అన్యాయము!

కావున గాలమువేయు ప్రతి కుటుంబమును ఏప్రిల్ మొదటివారముననే ఒక జాడీ ఉప్పు ఎర సిద్ధపరచుకొనవలెనని మా సూచన. ఉప్పు పట్టించు పనిని పెద్దముత్తైదువులకు అప్పగించి, పడుచువారు ప్రక్కన కూర్చుండి నేర్చుకొనవలెను. ఎరకైన ఖర్చును వేట లెక్కలో వేరుగా వ్రాయవలెను. అట్లు వ్రాసిననాడు, ఎంత సొమ్ము కుళ్ళి సముద్రము పాలగుచున్నదో ఎవరికి వారే గ్రహింపగలరు.