డీఎస్సీ ఉద్యోగం వచ్చింది.. మరి బడిలో మొదటి ఏడాది చేయి పట్టుకుని నడిపించేదెవరు?

మీ బంధువుల్లోనో, స్నేహితుల్లోనో ఈ మధ్య డీఎస్సీలో టీచర్ ఉద్యోగం కొట్టినవారు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఏళ్ల తరబడి కోచింగ్, స్టడీ హాల్, మాక్ టెస్టులు.. చివరికి ఉద్యోగం. వాట్సాప్ గ్రూపులో అభినందనలు, ఇంట్లో స్వీట్లు. ఇంతవరకు మనందరికీ తెలిసిన కథే.

ఆ తర్వాత ఏం జరుగుతుందన్నది మాత్రం పెద్దగా చర్చకు రాదు. పోస్టింగ్ ఆర్డర్ పట్టుకుని బడికి వెళ్లిన తొలి రోజును ఊహించుకోండి. ఒకే గదిలో రెండు, మూడు, ఐదో తరగతుల పిల్లలు. కొందరు పాఠం గడగడా చదివేస్తున్నారు. కొందరికి గుణింతాలే రావు. బోర్డు దగ్గర నిలబడిన కొత్త టీచర్ ఎవరితో మొదలుపెట్టాలి?

ఈ ప్రశ్నకు జవాబు నేర్పాల్సిన దానినే ఇండక్షన్ శిక్షణ అంటారు. అది ఎన్ని రోజులు ఉంటుంది, అందులో ఏం ఉండాలి, అయిపోయాక ఎవరు చూసుకుంటారు? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎంతమంది కొత్తగా చేరారు?

తెలంగాణలో 11,062 పోస్టులకు 2024 డీఎస్సీ జరిగింది. ఆ ఏడాది అక్టోబర్ 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 10,006 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. ఆ వెంటనే కౌన్సెలింగ్ పెట్టి బడులు కేటాయించారు.

ఆంధ్రప్రదేశ్‌లో మెగా డీఎస్సీ 2025లో 16,347 పోస్టులకు 15,941 మంది ఎంపికయ్యారు. సెప్టెంబర్ 25న అమరావతిలో నియామక పత్రాలు అందుకున్నారు. అక్టోబర్‌లో సుమారు వారం రోజుల శిక్షణ తీసుకుని బడుల్లో చేరారు.

అంటే రెండు రాష్ట్రాల్లో కలిపి దాదాపు 26 వేల మంది. వీరిలో చాలామంది రిటైరయ్యే దాకా, అంటే పాతికేళ్లో ముప్పయ్యేళ్లో పాఠాలు చెబుతారు. మొదటి ఏడాదిలో పడిన అలవాట్లే చివరి దాకా వస్తాయి. అందుకే ఆ ఏడాది అంత ముఖ్యం.

ఎంపికలో ఏం చూస్తారు, ఏం చూడరు?

డీఎస్సీలో 80 మార్కులు రాత పరీక్షకు, 20 మార్కులు టెట్ వెయిటేజీకి. ఇంటర్వ్యూ లేదు, డెమో క్లాస్ లేదు. దీనికి కారణం కూడా ఉంది. ఇంటర్వ్యూ పెడితే పైరవీలకు తలుపు తెరిచినట్టేనన్న భయం అభ్యర్థుల్లో ఎప్పుడూ ఉంటుంది. కంప్యూటర్ పరీక్షలో వచ్చిన మార్కును ఎవరూ మార్చలేరు.

అయితే ఇందులో ఒక లోటు ఉంది. అభ్యర్థి పాఠం చెబుతుండగా ఎవరూ చూడకుండానే ఉద్యోగం వచ్చేస్తుంది. సబ్జెక్టు ఎంత వచ్చో పరీక్ష చెబుతుంది. నలభై మంది పిల్లలను కూర్చోబెట్టి అర్థమయ్యేలా చెప్పగలరా అన్నది చెప్పదు.

'వాళ్లంతా బీఈడీనో, డీఎడ్‌నో చేసినవాళ్లే కదా?' అని మీరు అడగొచ్చు. నిజమే. 2014 నాటి ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఈడీలో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలి. కానీ ఆ కోర్సులు నడిపే కాలేజీల్లో అత్యధికం ప్రైవేటువే. వాటి నాణ్యత గురించి సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జేఎస్ వర్మ కమిషన్ 2012లోనే తీవ్రంగా హెచ్చరించింది.

ఇంకో విషయం కాలం. ఏపీలో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ నియామకాలు పూర్తయింది 2025లోనే. తెలంగాణలో 2017 టీఆర్‌టీ తర్వాత 2024లో. ఈ మధ్యలో కొందరు ప్రైవేటు బడుల్లో పనిచేశారు. కొందరు పూర్తిగా పుస్తకాలకే పరిమితమయ్యారు. ఎప్పుడో చేసిన ఇంటర్న్‌షిప్ ఏడేళ్ల తర్వాత ఎంత గుర్తుంటుంది?

ఇండక్షన్‌లో ఏం ఉండాలి?

కొత్త టీచర్‌కు అవసరమైనవి మూడు రకాలు.

మొదటిది తరగతి గది పని. పిల్లల స్థాయి ఎలా కొలవాలి, లెసన్ ప్లాన్ ఎలా రాయాలి, రెండు మూడు తరగతులను ఒకే గదిలో ఎలా నడపాలి. ఇది ఎంత అవసరమో 2024 ఏసర్ నివేదిక చెబుతుంది. దేశంలో గ్రామీణ ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 44.8 శాతమే. అంటే ఐదో తరగతి టీచర్‌కు ఐదో తరగతి పుస్తకం ఒక్కటే వస్తే సరిపోదు. అక్షరాలు నేర్పడం కూడా తెలియాలి. స్కూల్ అసిస్టెంట్లకు బీఈడీలో ఈ భాగం పెద్దగా ఉండదు.

రెండోది చట్టం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పాల్సిందే. దాచిపెడితే 21వ సెక్షన్ కింద శిక్ష పడుతుంది. 'బడి పరువు పోతుంది, మనలో మనం సర్దుకుందాం' అని సీనియర్ ఎవరైనా అంటే కొత్త టీచర్ ఏం చేయాలి? ఇది పుస్తకంలో చదివి వదిలేసే విషయం కాదు, కూర్చోబెట్టి మాట్లాడాల్సిన విషయం.

మూడోది బడి నడిపే పని. యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యూడైస్ వివరాలు, తల్లిదండ్రుల సమావేశాలు. శిక్షణ తక్కువ రోజులైతే ఎక్కువ సమయం వీటికే పోయే ప్రమాదం ఉంది. యాప్ నింపకపోతే ఆ రోజే ఫోన్ వస్తుంది. పిల్లవాడికి చదవడం రాకపోతే ఆ రోజు ఎవరూ ఫోన్ చేయరు.

ఏజెన్సీ ప్రాంతాల్లో నాలుగోది కూడా ఉంది. అది భాష. ఇంట్లో కోయ, గోండి, సవర, కువి మాట్లాడే పిల్లల ముందు తెలుగు మాత్రమే వచ్చిన టీచర్ నిలబడితే మొదటి కొన్ని నెలలు ఇద్దరికీ కష్టమే.

ఎన్ని రోజులు ఇవ్వాలి?

ఒక పాత లెక్క గుర్తు చేసుకుందాం. సర్వశిక్షా అభియాన్ మొదలైనప్పటి నిబంధనల్లో, అర్హత ఉండి కొత్తగా చేరిన టీచర్లకు 30 రోజుల ఓరియెంటేషన్‌కు వీలు కల్పించారు. అందుకు నిధుల లెక్క కూడా రాసిపెట్టారు. ఆ పథకం 2018లో సమగ్ర శిక్షలో కలిసింది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచర్‌కూ ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది.

దీనికి ఎదురుగా ప్రభుత్వం వైపు వాదన కూడా ఉంది. అక్టోబర్‌లో చేరేసరికి విద్యా సంవత్సరం దాదాపు సగం అయిపోతుంది. అప్పటికే టీచర్ లేక ఎదురుచూస్తున్న తరగతి ఉంటుంది. అక్కడి పిల్లలను ఇంకో నెల ఆగమనడం ఎలా? ఇది కొట్టిపారేసే మాట కాదు. అయితే నెల రోజుల శిక్షణ ఒకేసారి ఇవ్వాలన్న నియమమేమీ లేదు. చిక్కు అక్కడే ఉంది: మొదటి వారం తర్వాత మిగిలినది ఎప్పుడు, ఎవరు ఇస్తారు?

పక్కన ఎవరూ లేని బడికి పంపితే?

పాత టీచర్ల బదిలీలు ముగిశాక మిగిలిన ఖాళీలే చాలావరకు కొత్తవారికి దక్కుతాయి. ఊరికి దూరంగా, బస్సు లేని చోట, పిల్లలు తక్కువగా ఉండే బడులు అవి. అంటే అనుభవం అందరికంటే తక్కువ ఉన్నవారు కష్టమైన చోటికి వెళ్తారు.

2024-25 యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం దేశంలో ఒకే టీచర్‌తో నడుస్తున్న బడులు 1,04,125. రాష్ట్రాల్లో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే, 12,912 బడులు. కొత్త నియామకాలతో కొంత తగ్గొచ్చు. కానీ అలాంటి బడిలో చేరిన కొత్త టీచర్‌కు సందేహం వస్తే అడగడానికి పక్క గదిలో ఎవరూ ఉండరు. వారే హెచ్ఎం, వారే క్లాస్ టీచర్, వారే గుమస్తా.

జిల్లాలో ఈ బాధ్యత డైట్‌ది. 1986 విద్యా విధానం తర్వాత వీటిని పెట్టిందే టీచర్లకు వెన్నుదన్నుగా ఉండేందుకు. కానీ అధ్యాపక పోస్టుల ఖాళీలు వాటికి పాత జబ్బు. ఇక స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. అవి సర్క్యులర్లు చదివి వినిపించడంతో ముగిస్తే కొత్తవారికి ఒరిగేదేమీ ఉండదు.

వేరే చోట్ల ఏం చేస్తున్నారు?

జపాన్‌లో 1988లో చట్టం మార్చి, ప్రభుత్వ బడుల్లో కొత్త టీచర్లకు ఏడాది పాటు ఇండక్షన్ తప్పనిసరి చేశారు. టీచర్ ఉద్యోగం చేస్తూనే ఒక సీనియర్ పర్యవేక్షణలో నేర్చుకుంటారు. ఇంగ్లండ్‌లో 2021 నుంచి ఇది రెండేళ్లు. ప్రతి కొత్త టీచర్‌కు ఒక మెంటర్ ఉంటారు. మొదటి ఏడాది 10 శాతం, రెండో ఏడాది 5 శాతం పీరియడ్లు తగ్గిస్తారు.

మనకు అంత సిబ్బంది లేరన్నది నిజమే. కానీ మన దగ్గరా నమూనా ఉంది. 2016లో ఢిల్లీ ప్రభుత్వం 200 మంది టీచర్లను మెంటర్లుగా ఎంపిక చేసి, వేరే బడులకు వెళ్లి తోటి టీచర్ల తరగతులు చూసి సలహాలిచ్చే పని అప్పగించింది. ఇక్కడ కూడా కాంప్లెక్స్‌కు ఒకరిద్దరు మంచి టీచర్లను గుర్తించి, నెలకు రెండు రోజులు కొత్తవారి తరగతుల్లో కూర్చునేలా చేస్తే పెద్ద ఖర్చేమీ కాదు. షరతు ఒక్కటే. చూడ్డానికి వచ్చినవారు తప్పులు పట్టి నివేదిక రాసే అధికారిలా ఉండకూడదు. అలా ఉంటే ప్రొబేషన్‌లో ఉన్న టీచర్ తన ఇబ్బంది నోరు విప్పి చెప్పరు.

మీరేం చేయొచ్చు?

మీ పిల్లలు ప్రభుత్వ బడిలో ఉంటే, యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం చెబుతోంది. తదుపరి సమావేశంలో ఒక ప్రశ్న అడగండి: 'కొత్త టీచర్‌కు సాయంగా ఎవరు వస్తున్నారు?' టీచర్‌ను నిలదీయడానికి కాదు, వారి తరఫున అడగడానికి.

మీ పిల్లలు ప్రైవేటు బడిలో ఉన్నా ఈ విషయం మీకు సంబంధించినదే. ఎన్‌సీటీఈ నిర్దేశించిన కనీస అర్హతలు అక్కడి టీచర్లకూ వర్తిస్తాయి. ఫీజు కట్టేటప్పుడు స్మార్ట్ బోర్డు గురించి అడిగినట్టే, కొత్తగా చేరిన టీచర్ పాఠాన్ని మొదటి నెలలో ఎవరు చూస్తారో అడగండి.

మీ ఇంట్లోనే కొత్త టీచర్ ఉంటే, దగ్గర్లో బాగా చెప్పే సీనియర్ ఎవరో కనుక్కుని, ఒక సెలవు పెట్టయినా సరే వారి తరగతిలో ఒక రోజు వెనక బెంచీలో కూర్చోమనండి. వారంలో ఇచ్చిన శిక్షణకు అది మంచి కొనసాగింపు.

రెండేళ్ల ప్రొబేషన్ పూర్తయితే టీచర్ ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ రెండేళ్లలో రెండో తరగతి నుంచి నాలుగో తరగతికి వెళ్లిపోయిన పిల్లవాడికి మాత్రం ఆ చదువు మళ్లీ రాదు.