తుపాకీ అడుగుదాం, సీసం సంగతీ అడుగుదాం

వేరుశనగ కాయ ఊరే వేళకు, మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు అడవి పందుల మంద దిగుతుంది. ఒక్క రాత్రిలో చేను దున్నిపోతుంది. మనం చేయని ప్రయత్నం లేదు. చేను చుట్టూ పాత చీరలు కట్టాం, మంచెల మీద కూర్చుని రాత్రంతా డబ్బాలు కొట్టాం, టపాసులు కాల్చాం. నాలుగు రోజులు బెదిరిన పందులు ఐదో రోజు మళ్లీ వచ్చాయి. కొందరు తెగించి కరెంటు తీగలు పెడితే వాటికి మన మనుషులే బలైపోయారు. అందుకే ఏ మండల సమావేశం పెట్టినా ఒకటే మాట వినిపిస్తోంది: "తుపాకులకు లైసెన్సులు ఇప్పించండి."

ఆ డిమాండు న్యాయమైనదే, దాన్ని మేము వదలం. అయితే ఈ మధ్య ఒక సమావేశంలో ఓ యువ రైతు లేచి, "పాయింట్ 22 రైఫిలు తేలిక, చప్పుడు తక్కువ, తూటా చవక అంటున్నారు కదన్నా, అదే ఇప్పించమని అడగొచ్చు కదా?" అన్నాడు. చాలామంది తలలూపారు. ఆ రోజు అతనికి సగం జవాబే చెప్పాం. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాం.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట రక్షణకు చెప్పింది మూతి నుంచి మందు దట్టించే తుపాకీ. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారి ఒప్పుకుంటే, నున్నటి గొట్టం ఉన్న మరో రకం తుపాకీకి అనుమతి ఇవ్వొచ్చు. పాయింట్ 22 రైఫిలును అదే సెక్షన్ వేరుగా పేర్కొంది. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బుల సభ్యులు గురి సాధన చేసుకోవడానికి అని రాసింది. పంట కాపలా మాట అక్కడ లేదు.

పోనీ, రేపు చట్టం మారి చేతికిచ్చారే అనుకుందాం. పందికి ఆ రైఫిలు పనికిరాదు. దాని తూటాను రిమ్‌ఫైర్ అంటారు. నిప్పు రాజేసే మందు ఇత్తడి గొట్టం అడుగున, చుట్టూ ఉండే అంచులో ఉంటుంది. ట్రిగ్గరు నొక్కితే ఆ అంచు నలిగి తూటా పేలుతుంది. అంచు నలగాలంటే ఇత్తడి పలచగా ఉండాలి. పలచటి ఇత్తడి ఎక్కువ ఒత్తిడి తట్టుకోదు కాబట్టి తూటాకు బలమూ తక్కువే. మామూలుగా వాడే గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. ముదిరిన మగ పందికి భుజాల దగ్గర తోలు డాలులా గట్టిపడి ఉంటుంది. ఇంత చిన్న గుండు దాన్ని ఉన్నచోట పడగొట్టడం అరుదు, గాయపరచి వదిలేస్తుంది. గాయపడిన పంది పొదలో నక్కి, తెల్లారి కలుపుకు వచ్చిన కూలీ ఆడమనిషి మీద పడుతుంది. పేల్చినవాడు ఇంట్లో నిద్రపోతుంటాడు, కోర దిగేది ఆమెకు.

గొట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. మాలో కొందరం హైస్కూలు రోజుల్లో ఎన్‌సీసీలో పాయింట్ 22 పేల్చినవాళ్లమే. ఫైరింగు అయిపోయాక హవల్దారు పుల్‌త్రూ తాడుకు చిందీ గుడ్డ కట్టించి గొట్టంలోంచి లాగించేవాడు. తెల్లటి గుడ్డ మసితో నల్లబడి, మధ్యమధ్య బూడిదరంగు మెరుపుతో బయటికి వచ్చేది. ఆ మెరుపు సీసం. గుండు ఒట్టి సీసంతో చేసిందైతే, దాని మీద పూసిన మైనం చాలకపోతే, గొట్టం లోపల గరుకుగా ఉంటే, పోతూ పోతూ గాడుల మీద సీసం పూసుకుంటూ పోతుంది. పాకం గిన్నెకు బెల్లం అడుగంటినట్టే పొర మీద పొర పేరుకుంటుంది. గాడులు పూడితే గుండు సరిగా తిరగదు, గురి చెదురుతుంది. అలాగని చువ్వతో అదే పనిగా గీకితే గొట్టం మూతి అరిగిపోయి మళ్లీ గురి పోతుంది. రాగి పూత ఉన్న గుండుతో ఈ పేరుకోవడం తగ్గుతుంది. ఏ తుపాకీకి ఏ తూటా కుదురుతుందో అట్ట మీద పేల్చి చూస్తే తప్ప తెలియదు. చవక అని ఏది దొరికితే అది వాడే సరుకు కాదిది.

అప్పట్లో మాకు గురి గురించి చాలా చెప్పారు. చేతులు కడుక్కోమని మాత్రం ఎవరూ చెప్పలేదు. గుండులోనే కాదు, నిప్పు రాజేసే మందులో కూడా సీసం ఉంటుందని మాకు తెలియదు. ఆ మసి చేతులతోనే పూరీలు తిన్నాం.

మేము అసలు చెప్పదలచింది ఇక్కడి నుంచే మొదలవుతుంది. నున్నటి గొట్టం తుపాకీలో గాడులు లేకపోయినా, దాంట్లో వేసేదీ సీసమే. మూతి నుంచి దట్టించే తుపాకీలు ఉన్న ఇళ్లలో గుండ్లు ఎక్కడ పోస్తున్నారో ఒకసారి చూడండి. వలలకు కట్టే సీసం గుళ్లు, పగలగొట్టిన పాత బ్యాటరీ పలకలు పెరట్లో పొయ్యి మీద కరిగిస్తున్నారు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కట్టెల మంట దానికి చాలు. మేము వెళ్లిన ఒక ఇంట్లో సీసం పోసిన ఇనుప గరిటె కడిగి పోపుకు వాడుతున్నారు. పక్కనే పాకే బిడ్డ ఆ బూడిదలో ఆడుకుంటోంది. ఆ తల్లిని ఏమని తప్పు పడతాం? ఆమెకు ఎవరు చెప్పారు గనక?

సీసం ఒంట్లోకి పోతే తేలిగ్గా బయటికి రాదు. కాల్షియంలా నటించి ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. గర్భంతో ఉన్న తల్లి ఎముకల్లోంచి కదిలి కడుపులోని బిడ్డకు చేరుతుంది. పసివాళ్ల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకైతే ఫరవాలేదు అని చెప్పగలిగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పంట కాపాడుకోబోయి బిడ్డల బుర్ర పోగొట్టుకుంటే అది లాభమా?

ఇతర చోట్ల ఏం జరిగిందో కూడా తెలుసుకుందాం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో కాండోర్ అనే రాబందు జాతి పక్షులు, వేటగాళ్లు వదిలేసిన కళేబరాల్లోని సీసం ముక్కలు తిని చనిపోయాయి. అక్కడ 2013లో చట్టం చేసి, 2019 జూలై 1 నుంచి ఏ అడవి జంతువును కాల్చాలన్నా సీసం లేని తూటాలే వాడాలన్నారు. పంట కోసం కాల్చినా అదే నిబంధన. తోటల్లో నేల ఉడుతలను పాయింట్ 22తో కాల్చుకునే రైతులకు చిక్కు వచ్చిపడింది. రాగి గుండుకు ధర ఎక్కువ. అది తేలిక, సీసంలా మెత్తనిదీ కాదు, కాబట్టి అన్ని తుపాకుల్లో ఒకేలా గురి కుదరదు. చట్టం ఉద్దేశం మంచిదే, కానీ ఖర్చు రైతు మీద పడింది.

మనకూ రాబందుల పాఠం ఉంది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ వల్ల రాబందులు తుడిచిపెట్టుకుపోయాక 2006లో ఆ పశువైద్య మందును నిషేధించారు. అప్పటికే ఊరి బయట కళేబరాలు కుళ్లి కుక్కల పాలయ్యాయి. ముందే చెప్పి ఉంటే మనమే ఆపేవాళ్లం. సీసం విషయంలోనూ నష్టం జరిగాక మేల్కోవడం వద్దు.

కాబట్టి మా డిమాండు లైసెన్సు దగ్గర ఆగకూడదు. 2022 సవరణ తర్వాత అడవి పంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్లో ఉంది. పంటకు ప్రమాదం అయినప్పుడు 11వ సెక్షన్ కింద కాల్చడానికి అనుమతి ఇచ్చే అధికారం అటవీ అధికారులకు ఉంది. ఆ అనుమతి పంట కోతకొచ్చాక కాదు, పంది చేలో దిగిన వారంలో రావాలి. కాల్చే పని శిక్షణ పొందినవారే చేయాలి, పందికి తగిన తూటా ప్రభుత్వమే ఇవ్వాలి. లైసెన్సు ఉన్న రైతుకు సిద్ధంగా చేసిన గుండ్లు అందించాలి, అప్పుడు ఎవరూ ఇంట్లో సీసం కరిగించరు. చచ్చిన పందిని కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చే ఖర్చు కూడా అటవీ శాఖే భరించాలి. గుండ్లు పోసిన ఇళ్లలోని పిల్లలకు, గర్భిణులకు రక్తంలో సీసం పరీక్ష ఉచితంగా చేయాలి. రేపు సీసం లేని తూటాలే వాడాలంటే ఆ ధర తేడా ప్రభుత్వానిదే. ఉక్కు రవ్వలు పాత పలచటి గొట్టాలను పాడుచేస్తాయి కాబట్టి ఏ తుపాకీకి ఏది సరిపోతుందో పరీక్షించి చెప్పే బాధ్యత కూడా వాళ్లదే.

ప్రభుత్వం కదిలేలోపు మనం చేయగలిగింది ఉంది. ఇంట్లో సీసం కరిగించడం ఈ రోజే మానేద్దాం. ఆ గరిటెలు, గిన్నెలు వంటింట్లోకి రానివ్వొద్దు. తుపాకీ తుడవాలంటే ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, బయట గాలిలో, తడిగుడ్డతో తుడుద్దాం. ఆ గుడ్డను పొయ్యిలో వేయొద్దు. చేతులు సబ్బుతో కడిగాకే అన్నం ముట్టుకుందాం. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

ఆ రోజు ప్రశ్న అడిగిన తమ్ముడికి మా జవాబు ఇదే. నీకు పంట దక్కాలి, నీ బిడ్డ బుర్ర కూడా దక్కాలి. రెండింటికోసం కొట్లాడేదే మన సంఘం. వచ్చే మండల సమావేశంలో తుపాకీ మాట ఎత్తినవారు సీసం మాట కూడా ఎత్తాలి, రెండూ ఒకే తీర్మానంలో రాయించాలి.