మోసే బరువు, పెంచే బలం

ప్రొద్దుటూరులో పొదుపు సంఘం స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు, గర్భసంచి తీయించుకుని ఏడాదైన ఒకామె నన్నొక ప్రశ్న అడిగింది. "బరువులెత్తొద్దని డాక్టరయ్య చెప్పి పంపిచ్చినాడు మేడం. సరే, మరి బిందె ఎవురెత్తల్ల?" అందరూ నవ్వారు. నవ్వు ఆగాక చూస్తే జవాబు ఎవరి దగ్గరా లేదు. నా దగ్గరా లేదు.

స్త్రీ అబల, బరువులు ఆమె పని కాదు అని చెప్పే సమాజమే ఆమె చేత రోజంతా బరువులు మోయిస్తోంది. 15 లీటర్లు పట్టే బిందె నిండితే 15 కిలోలు. పది బిందెలు తెచ్చిన మనిషి 150 కిలోలు మోసినట్టు. జమ్మలమడుగు వైపు నాపరాళ్ల పనిలో, ప్రొద్దుటూరులో కట్టే ఇళ్ల దగ్గర, పులివెందుల చీనీ తోటల్లో స్త్రీలు మోసే గంపల లెక్క వేరే. దీన్ని బలమని ఎవరూ అనరు, పని అంటారు. ఇంట్లో చేసేదైతే పని అని కూడా అనరు.

స్త్రీలు ఇంటి దగ్గరే కండబలం పెంచే వ్యాయామం చేయాలని నేను అన్నప్పుడల్లా మన కార్యకర్తల నుంచే ఒక అభ్యంతరం వస్తుంది. పొద్దస్తమానం గొడ్డుచాకిరీ చేసే ఆడవాళ్లకు మళ్లీ వ్యాయామమా, ఇది పట్నం మధ్యతరగతి సోకు కాదా అని. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు అది పొరపాటనిపిస్తోంది.

మన జిల్లాలో తిరునాళ్లకు జరిగే బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఈ విషయం సులభంగానే అర్థమవుతుంది. పోటీకి పెంచే ఎద్దు చేత ఏ రైతూ గొడ్డుచాకిరీ చేయించడు. ఉలవలు ఉడికించి పెడతాడు. లాగే బరువును కొద్దికొద్దిగా పెంచుతాడు. లాగించిన తర్వాత విశ్రాంతి ఇస్తాడు. మనిషి శరీరానికీ సూత్రం ఇదే. బరువు ఎత్తేటప్పుడు కండరం అలసిపోతుంది. ఆ తర్వాతి విశ్రాంతిలో, తిన్న మాంసకృత్తులతో బలపడుతుంది. క్రమంగా పెరిగే బరువు, తిండి, విశ్రాంతి అనే మూడింటిలో ఏది లేకపోయినా బలం పెరగదు. స్త్రీల చాకిరీలో మూడూ లేవు. ఏళ్ల తరబడి అదే నడుము, అదే చంక, అదే బిందె. విశ్రాంతి లేదు. తిండి అందరి తర్వాత మిగిలినది. అందుకే ఆ శ్రమ శరీరాన్ని కట్టదు, అరగదీస్తుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భసంచి తొలగింపులు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ఒకటి. చిన్న వయసులోనే అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. బహిష్టులు ఆగిన తర్వాత అందరికీ ఎంతో కొంత ఈ నష్టం తప్పదు. బరువులతో చేసే వ్యాయామం ఈ నష్టాన్ని నెమ్మదింపజేస్తుంది. వయోజనులందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆడా మగా తేడా చెప్పలేదు.

దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. మంచం అంచున కూర్చుని చేతులు ఆనించకుండా లేచి, మెల్లగా మళ్లీ కూర్చోవాలి. గోడకు చేతులానించి, వంగి, ఒంటిని వెనక్కి తోసుకోవాలి. వాకిట్లో నాపరాతి మెట్టు ఎక్కి దిగాలి. లీటరు సీసాలో నీళ్లు పోస్తే కిలో, ఇసుక నింపితే దాదాపు కిలోన్నర. అలాంటి సీసాలు గుడ్డసంచిలో వేసుకుని, వీపు నిటారుగా ఉంచి మోకాళ్లు వంచి ఎత్తాలి. ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు, రెండు విడతలు. పన్నెండోసారి కూడా తేలిగ్గా ఉంటే సంచిలో ఇంకో సీసా వేయాలి. ఊపిరి బిగబట్టకూడదు. మర్నాడు విశ్రాంతి. ఆపరేషన్ అయినవాళ్లు, గర్భసంచి జారినవాళ్లు, గర్భిణులు, రక్తపోటు ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి. "ఎత్తొద్దు" అన్న ఒక్క మాటతో తిరిగి రాకూడదు. ఏది, ఎంత, ఎప్పటి నుంచి ఎత్తవచ్చో చెప్పించుకోవడం మన హక్కు.

తిండికి డబ్బాల్లో అమ్మే పొడులు వద్దు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం 50 కిలోల స్త్రీకి రోజుకు సుమారు 41 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల ఉలవల్లో ఇరవైకి పైగా ఉంటాయి. ఎద్దుకు పెట్టే ఉలవలు మనిషికీ పనికొస్తాయి. అవి ముందు ఎవరి పళ్లెంలోకి వెళ్తాయన్నదే ప్రశ్న.

కొరత సీసాలది కాదు, సమయానిదీ చోటుదీ. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు అందుకు రోజుకు 289 నిమిషాలు, చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఇరవై నిమిషాలు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్నకు జవాబు ఆ రెండు అంకెల మధ్య ఉంది. ఇక చోటు. తాలింఖానాలు మగవాళ్లవి. మిద్దె మీద నలభై ఏళ్ల స్త్రీ గుంజీలు తీస్తే పక్కింటివాళ్లకు నవ్వులాట. ఒలింపిక్స్‌లో పురుషుల బరువులెత్తే పోటీ 1896లోనే ఉంది. స్త్రీలకు 2000 దాకా చోటు దొరకలేదు. దొరికిన ఆ మొదటిసారే శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమె.

మనకు పతకాలు అక్కర్లేదు. యాభై ఏళ్లకు నేల మీంచి చేయూత లేకుండా లేవగలగడం, అరవై ఏళ్లకు జారిపడినా తుంటి విరగకుండా ఉండటం చాలు. ఒంటరిగా చేస్తే నవ్వేవాళ్లు పదిమంది కలిసి చేస్తే నవ్వరు. సంఘం సమావేశంలో పొదుపు పుస్తకాలు తెరిచే ముందు ఇరవై నిమిషాలు దీనికి కేటాయించి, ఇంటి దగ్గర వారంలో ఇంకోసారి చేసుకోవచ్చు.

ఒక ప్రమాదం కూడా ఉంది. బలం వచ్చింది కదా అని ఇంకో రెండు బిందెలు మోయమంటారు. అందుకే బలం గురించి మాట్లాడేటప్పుడు పని పంపకం గురించి మాట్లాడక తప్పదు. ప్రొద్దుటూరులో ఆమె అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నేను చెప్పగలిగింది ఇంతే: నీ ఒంటి కోసం నువ్వు సంచి ఎత్తు. ఆ ఇరవై నిమిషాలు బిందె సంగతి ఇంట్లో మగవాళ్లు చూసుకోవాలి. ఆ తర్వాత కూడా వాళ్ల వంతు వాళ్లు ఎత్తాలి. ఈ మాట ఒక్కో ఇంట్లో ఒక్కో స్త్రీ విడిగా అడిగి గెలవలేదు. సంఘం అడగాలి.