జనోద్యమాలు – ఆశలు, సంశయాలు

ఎక్కడో దూరదేశంలో ప్రజలు వీధుల్లోకి వచ్చి నియంతను గద్దె దించారని విన్నప్పుడు స్వేచ్ఛాప్రియుల హృదయాలు ఉప్పొంగుతాయి. ఆ వెంటనే ‘రేపు ఏమవుతుంది?’ అనే సంశయమూ తలెత్తుతుంది. ఈ రెండు భావాలూ కలిసి ఉండవలసినవే అని నా అభిప్రాయం. 2011 నాటి అరబ్బు దేశాల ఉద్యమాలే ఇందుకు తార్కాణం.

2010 డిసెంబరు 17న ట్యునీషియాలోని సిదీ బూజిద్ పట్టణంలో మహమ్మద్ బువజీజీ అనే తోపుడుబండి వ్యాపారి, అధికారులు తన సరకును జప్తు చేయడంతో ఆత్మాహుతికి పాల్పడ్డాడు. నిరుద్యోగంతో, అవినీతితో విసిగిన ప్రజల ఆగ్రహం కట్టలు తెంచుకుంది. నెల తిరగకముందే, 23 ఏళ్లు ఏలిన బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. 2011 జనవరి 25న ఈజిప్టు ప్రజలు కదిలారు. కైరో నగరంలోని తహ్రీర్ మైదానం జనసముద్రమైంది. ‘తహ్రీర్’ అంటే విమోచన. 18 రోజులలో ముబారక్ మూడు దశాబ్దాల పాలన అంతరించింది.

అయితే నియంత పతనం నాంది మాత్రమే, భరతవాక్యం కాదు. ఈజిప్టులో 2012లో ఎన్నికైన అధ్యక్షుడు మోర్సీని మరుసటి ఏడాదే సైన్యం తొలగించింది. 2014లో మాజీ సైన్యాధిపతి సీసీ అధ్యక్షుడయ్యాడు. ట్యునీషియాలో కార్మిక సంఘం, యజమానుల సమాఖ్య, మానవహక్కుల సంఘం, న్యాయవాదుల సంఘం కలిసి వైరిపక్షాలను చర్చలకు కూర్చోబెట్టాయి. 2014లో కొత్త రాజ్యాంగం వెలువడింది. ఆ నాలుగు సంస్థల కూటమికి 2015లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. కానీ నిరుద్యోగం తీరలేదు. ప్రజలలో నిరాశ పెరిగింది. 2021 జులైలో అధ్యక్షుడు కైస్ సయీద్ పార్లమెంటును స్తంభింపజేసి, మరుసటి ఏడాది అధికారాన్ని తన చేతిలో కేంద్రీకరించే రాజ్యాంగాన్ని తెచ్చాడు.

దీనిని చూసి ‘ఆ పోరాటమంతా వృథా’ అని కొందరు పెదవి విరుస్తారు. ఒడ్డున నిలిచి ఈతగాడిని తప్పుపట్టడం సులభం. భయాన్ని జయించి ప్రశ్నించినవారి త్యాగాన్ని ఫలితంతో మాత్రమే తూచడం న్యాయం కాదు. అలాగని, నియంత పోగానే అంతా మంచే జరుగుతుందని చప్పట్లు కొట్టి మరచిపోవడమూ వివేకం అనిపించుకోదు. జనం ఇళ్లకు వెళ్లిన తరువాత అధికారం ఎవరి చేతిలో ఉంది? న్యాయస్థానాలు, పత్రికలు, సంఘాలు స్వేచ్ఛగా పనిచేస్తున్నాయా? పేదవాని కంచంలోకి అన్నం వచ్చిందా? ఉద్యమం విజయం సాధించిందో లేదో ఈ ప్రశ్నలే తేలుస్తాయి.

విద్యార్థులారా! పరదేశాల జనోద్యమాలను సానుభూతితో చూడండి. మైదానాలు ఖాళీ అయిన తరువాత కూడా గమనిస్తూ ఉండండి. ఒక్క రోజు ఆగ్రహం సింహాసనాన్ని కూల్చగలదు. ప్రజాస్వామ్యం నిలవాలంటే మాత్రం పౌరులు ఏళ్ల తరబడి ఓర్పుతో శ్రమించాలి.