దండోరా పుట్టిన నేలకు కెమెరా ఏది?

లక్సెంబర్గ్ జనాభా ఏడు లక్షలకు కాస్త తక్కువ. అందులో దాదాపు సగం మంది విదేశీ పౌరులే. ఆ చిన్న దేశపు హిప్‌హాప్ సంస్కృతిపై 2010లో ‘హామిలియస్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. హామిలియస్ అన్నది రాజధాని నడిబొడ్డున ఉండిన బస్టాండు పేరు. ఒక సంస్కృతి చరిత్రకు బస్టాండు పేరు పెట్టడంలోనే ఆ సంస్కృతి ఎవరిదో తెలుస్తున్నది. హిప్‌హాప్ పుట్టుక కూడా అలాంటిదే. 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో, జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబపు కుర్రవాడు నడిపిన విందులో అది మొదలైందని చెబుతారు.

మరి మన మాట? చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు సముద్రాలు దాటి పరదేశాల వంటగట్లపై మెరుస్తున్నది. ఆ రాయి నల్లదనంలోని బంగారు చుక్కల గురించి వ్యాపారులు ఎంతైనా చెబుతారు. అదే సంతనూతలపాడు రిజర్వుడు నియోజకవర్గంలో, నాగులుప్పలపాడు మండలం ఈదుముడిలో, 1994 జూలై 7న మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. ఆ ఉద్యమానికి దండోరా అనే పేరు స్థిరపడింది. ఊరి పెద్దల ఆజ్ఞలను వీధి వీధికీ చాటడానికి మాదిగలచేత కొట్టించిన చాటింపు పేరది. అవమానంగా మోపిన పనినే జెండాగా ఎత్తారు. దాచుకోమన్న కులం పేరును తమ పేర్ల చివర తగిలించుకున్నారు. బ్రాంక్స్ కుర్రాళ్లు గోడలపై తమ పేర్లు రాసుకున్నదానికంటే ఇది చిన్న సాహసమా?

డప్పును వదిలెయ్యాలనే అంబేడ్కరీయులు ఉన్నారు. చావుకూ జాతరకూ వెట్టిగా కొట్టించిన చరిత్ర తెలిసినవారు ఆ మాట అనడం న్యాయమే. కానీ నిప్పుల సెగకు కాగి, చిర్ర, చిటికెన పుల్లల దెబ్బకు ఊరేగింపు ముందు మోగిన డప్పు వెట్టి డప్పు కాదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హతులయ్యాక, చీరాల శిబిరం నుంచి సాగిన పోరాటం ఈ జిల్లాల యువతకు ఆత్మగౌరవపు భాష నేర్పింది. ఆ తరువాతి తొమ్మిదేళ్లకు ఈదుముడి వచ్చింది. (వర్గీకరణపై మాల, మాదిగల వాదోపవాదాల మంచిచెడ్డలు వేరే చర్చ. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణను సమ్మతించిన తరువాతా ఆ చర్చ ఆగలేదు.)

సినిమా పాటల్లో డప్పు దెబ్బ వినిపిస్తూనే ఉన్నది. కొట్టినవాని పేరు మాత్రం తెరమీద వెతుక్కోవాలి. ప్రభుత్వం డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నది. మంచిదే. పింఛను కడుపు నింపుతుంది, జ్ఞాపకాన్ని భద్రపరచదు. 1994లో ఇరవయ్యేళ్ల యువకుడు ఇప్పుడు యాభై దాటాడు. ఒంగోలు, గుంటూరు విశ్వవిద్యాలయాల విద్యార్థులు ఈ వేసవిలో ఒక రికార్డరు పట్టుకుని ఈదుముడికో, చీమకుర్తి క్వారీల పక్క పల్లెలకో వెళ్లవచ్చు. చిత్రం తీస్తే మొదటి పేరు డప్పు కొట్టినవారిది వేయాలి. డబ్బు వస్తే వారికి వాటా రాసివ్వాలి. కెమెరా పట్టడం పల్లె పిల్లలకే నేర్పగలిగితే మనం పక్కకు తప్పుకోవచ్చు.