అందరి పాట, కొందరి పైసలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఇప్పుడు 'ఆల్బమ్' అంటే ఒకటే పాట, ఒక డ్యాన్స్ వీడియో, ఒక యూట్యూబ్ ఛానెల్. రాసినోళ్ల పేరు డిస్క్రిప్షన్ అడుగున ఎక్కడో ఉంటుంది, ఉంటే.

ఈ సందట్లో ఇంట్లోనే తలుపులేసుకుని, గిటారో డప్పో పట్టుకుని సొంత పాట ఫోన్లో రికార్డు చేసుకునేవాళ్లను 'క్వాలిటీ లేదు' అనేవాళ్లతోనే నా పేచీ. ఏది క్వాలిటీ? బీడీలు చుట్టే అక్క పాటకూ, దుబాయి పోయినోని పాటకూ, సాంచాల మీది పాటకూ ఒకటే డీజే బీటు కొట్టడమా?

సౌండు సంగతి తర్వాత. ముందు హక్కు సంగతి చూడండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగుకు పూనుకుని, బాధ్యత తీసుకున్నవారే దానికి నిర్మాత. సొంత పాటను సొంతంగా రికార్డు చేసుకున్న మనిషి రచయిత, గాయకుడు, నిర్మాత మూడూ తనే. 'స్టూడియో ఖర్చు మాది' అన్న ఛానెల్‌కు పాటిస్తే మూడోది పోయినట్టే. కాగితం చదవకుండా సంతకం పెడితే పాట మీది హక్కూ పోవచ్చు.

2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగదరియా' వచ్చినప్పుడు గొడవ ఎందుకైంది? ఆ పాటను సేకరించి 'రేలారె రేలా'లో పాడిన కోమలకు గుర్తింపు ఏదని. 'జానపదమే కదా, అందరిదీ' అన్నారు. అందరిదైతే పైసలూ అందరికీ రావాలి కదా!

'భలే రా‌గా ఉంది బ్రో' అని లింకు పంపే మనమూ తక్కువేం కాదు. పంపేటప్పుడు పాట కట్టినోళ్ల పేరు కూడా రాయండి. పేరు దొరక్కపోతే ఆ ఛానెల్‌నే అడగండి.