అంపశయ్య ఎవరిది?

అంపశయ్య నవీన్ పేరెత్తగానే మన సభల్లో వినపడే మాట ఒక్కటే: చైతన్య స్రవంతి. వక్త ఎవరైనా సరే, ఆ మాట అనేసి, జేమ్స్ జాయిస్‌ను ఒకసారి తలుచుకుని, చప్పట్ల మధ్య కూర్చుంటాడు. నవల చదవనివాడికీ ఆ మాట తెలుసు. అసలు చదవకపోయినా ఫరవాలేదనే ధైర్యం ఇస్తున్నది ఆ మాటేనేమో అని నా అనుమానం. నేను సాహిత్య విద్యార్థిని కాను. ఫిజిక్సు, కెమిస్ట్రీ చదువుకుంటున్న రైతుబిడ్డను. అయినా పాఠకుడిగా ఒక అభిప్రాయం చెప్పుకునే హక్కు నాకూ ఉందనుకుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు తెలిసిన సంగతులు. నవీన్ అసలు పేరు దొంగరి మల్లయ్య. 1941 డిసెంబరు 24న, ఇప్పటి జనగామ జిల్లాలోని వావిలాలలో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఎం.ఏ. చదివి, అదే సబ్జెక్టు కాలేజీల్లో బోధించి, ప్రిన్సిపాలుగా రిటైరయ్యారు. 'అంపశయ్య' 1969లో వచ్చింది. అప్పటికి రచయితకు ముప్పయ్యేళ్లు కూడా నిండలేదు. ఆ నవల పేరే ఆయనకు ఇంటిపేరయి కూర్చుంది. తర్వాత 'ముళ్ళపొదలు', 'అంతస్స్రవంతి' మొదలుకొని ఎన్నో నవలలు, కథలు, సాహిత్య విమర్శ రాశారు. 'కాలరేఖలు' నవలకు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఇక 'అంపశయ్య'లో కథ ఎంత? రవి అనే ఒక పేద విద్యార్థి. పల్లె నుంచి ఉస్మానియా హాస్టలుకు వచ్చినవాడు. అతను తెల్లవారి లేచింది మొదలు రాత్రి దాకా, ఇంచుమించు 16 గంటలు. అంతే! ఆ 16 గంటల్లో అతని తలలో తిరిగిన ఆలోచనలే నవల. ఆకలి, అవమానం, ఆశ, ఆడపిల్లల మీద మోజు, చదువు, రేపటి మీద బెంగ అన్నీ ఒకదాని మీద ఒకటి పడి పారుతుంటాయి.

చైతన్య స్రవంతి అనే మాట నిజానికి మా సైన్సు వైపు నుంచే వచ్చింది. విలియం జేమ్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1890లో అచ్చయిన తన గ్రంథంలో ఆలోచన ముక్కలు ముక్కలుగా ఉండదనీ, ఏరులాగా పారుతుందనీ వివరించాడు. సాహిత్యం ఆ మాటను తర్వాత తీసుకున్నది. జాయిస్ 'యులిసిస్' 1922లో వచ్చింది. అందులోనూ డబ్లిన్ నగరంలో ఒకే ఒక్క రోజు. అంచేత పోలిక తేవడం తప్పేమీ కాదు. కానీ పోలిక దగ్గరే ఆగిపోతే, ఏరు ఏ పొలాల మీదుగా పారిందో అడగడం మర్చిపోతాం.

రవి తలలో పారేది పైసల ఏరు అని నా అభిప్రాయం. చదివిస్తున్న ఇంటికి తాను భారమనే తలపు ఒక కుర్రవాడి నిద్రనూ, తిండినీ, ప్రేమనూ ఎట్లా తినేస్తుందో అందులో ఉంది. అర్థశాస్త్రం చదివిన మనిషి రాసిన నవల అది. గిరాకీ, సరఫరా అనే మాటలు పాఠ్యపుస్తకంలో చల్లగా ఉంటాయి. అవే ఒక విద్యార్థి తలలోకి వస్తే బాణాలవుతాయి. భీష్ముడు అంపశయ్య మీద ఉత్తరాయణం కోసం ఎదురుచూశాడు. రవిలాంటివాడు ఎదురుచూసేది ఉద్యోగం కోసం. భీష్ముడికి తేదీ తెలుసు, రవికి తెలియదు. తేడా అదీ!

ఇది 1960ల నాటి ముచ్చట కదా, ఇప్పుడెందుకని కొందరు మిత్రులంటారు. వాళ్లను ఒక్కసారి మన హాస్టలు వరండాలో నెలాఖరున నిలబడి చూడమంటాను. మాది పత్తి, మక్క వేసే ఇల్లు. ఏ ఏడు పత్తి రేటు పడిపోయిందో నాకు పేపరు చూడకుండానే తెలుస్తుంది. నాయిన ఫోనులో "పైసలకు రంది పడకు బిడ్డా, నువ్వు చదువు" అన్నాడంటే ఆ ఏడు పడిపోయినట్టే. రేటు బాగుంటే ఆయన ఆ మాటే ఎత్తడు. జేబుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి, ఫీజులు ఆన్‌లైన్లో కడుతున్నాం. ఆ రంది మాత్రం ఎక్కడికీ పోలేదు.

విమర్శకుడిగా నవీన్ సంగతి కొంచెం చిక్కుది. తెలుగు నవలల మీద, పాశ్చాత్య నవలల మీద ఆయన వ్యాసాలు రాశారు. ఇంగ్లీషు నవల నేరుగా చదువుకునే వీలులేని నాలాంటివాళ్లకు అది పెద్ద మేలు. నవలలు రాసేవాడు విమర్శ రాయకూడదనే వాదం ఒకటుంది. నాకది నచ్చదు. నాగలి పట్టినవాడే నేల గురించి చెప్పకూడదంటే ఇంకెవరు చెప్పాలి? అయితే ఇందులో ఒక ఇబ్బంది లేకపోలేదు. శిల్పం గురించి అంత తెలిసిన రచయిత అనేసరికి, పాఠకులు ఆయన నవలల్లోనూ శిల్పాన్నే వెతుకుతారు. విమర్శకుడు నవీన్ వేసిన వెలుగులో నవలాకారుడు నవీన్ సగం నీడలో పడ్డాడేమో. ఆ తప్పు ఆయనది కాదు. ఒక మాట దొరగ్గానే పుస్తకం మూసేసే మనది.

ఇంకొక ఆరోపణ కూడా విన్నాను. 'అంపశయ్య'లో అంత ప్రయోగం చేసిన రచయిత 'కాలరేఖలు' నాటికి మామూలు కథనంలోకి దిగిపోయాడట. దిగిపోవడమేమిటి? 'కాలరేఖలు' నిజాం పాలన చివరి రోజులనూ, తెలంగాణ రైతాంగ పోరాట కాలాన్నీ చెప్పే నవల. 'చెదిరిన స్వప్నాలు', 'బాంధవ్యాలు' దాని కొనసాగింపు. ల్యాబులో స్క్రూగేజితో తీగ మందం కొలుస్తాం. అదే పట్టుకుని పొలం కొలవబోతే ఊరంతా నవ్వుతుంది. పొలానికి గొలుసు కావాలి. ఒక కుర్రవాడి 16 గంటలకు ఒక కొలత, ఒక ప్రాంతం దశాబ్దాలకు ఇంకో కొలత. ఏ పనికి ఏ పనిముట్టో తెలిసినవాణ్ణి మా ఊళ్లో పనిమంతుడంటారు.

అంతమాత్రాన అన్నీ మెచ్చుకోలు మాటలేనా? కాదు. 'అంపశయ్య' పూర్తిగా రవి తలలో నడుస్తుంది కాబట్టి, అందులో ఆడపిల్లలు రవికి కనపడినంత మేరకే కనపడతారు. వాళ్ల 16 గంటలు మనకు తెలియవు. పల్లె నుంచి వచ్చి చదువుకునే అమ్మాయికి మెస్సు బిల్లు రందితోపాటు ఇంకో రంది కూడా ఉంటుంది: ఈ సంవత్సరం చదువు మాన్పించి పెళ్లి చేస్తారేమోనని. ఆ నవల మన కాలేజీ అమ్మాయిల్లోనే ఎవరో ఒకరు రాయాలి. నవీన్ చూపిన దారి అందుకు పనికొస్తుంది. ఆయన చూపు ఒక్కటే చాలదు.

మిత్రులారా! ఇదంతా సాహిత్య చర్చ కోసం చెప్పడం లేదు. కిందటేడు మా బ్యాచిలో ఒకతను ఎవరికీ చెప్పకుండా పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. తెలివైనవాడు. ప్రాక్టికల్సులో మాకందరికీ సాయం చేసేవాడు. కష్టం ఉందని మాకు ఒక్క మాట చెప్పలేదు. మేమూ అడగలేదు. ఎందుకంటే మా అందరి దగ్గరా అదే రహస్యం ఉంది, ఎవరిది వాళ్లం దాచుకుంటున్నాం. బయటికి జోకులు, లోపల బాణాలు. 50 ఏళ్లు దాటిన ఆ నవల చేసిన గొప్ప పని, ఆ లోపలి మాటను సిగ్గుపడకుండా బయట పెట్టడం. "ఇది నీ ఒక్కడికే కాదు" అని చెప్పే పుస్తకం ఒక్కోసారి స్కాలర్‌షిప్పుకన్నా ముందు చేరాలి. స్కాలర్‌షిప్పు ఎట్లాగూ ఆలస్యంగానే వస్తుంది కదా!

కాబట్టి యూనియన్ వారికి రెండు మనవులు. ఒకటి, రాబోయే సంవత్సరం బడ్జెట్లో వేదిక అలంకరణకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించి, ప్రతి హాస్టలుకూ పాతిక మంచి తెలుగు నవలలు కొనండి. తాళం వేసిన బీరువాలో కాకుండా, మెస్సు పక్కన చేతికందేచోట పెట్టండి. రెండు, నెలకొక సాయంత్రం ఆ పుస్తకాల మీద మాట్లాడుకునే ఏర్పాటు చేయండి. దానికి ముఖ్య అతిథి అక్కర్లేదు, శాలువా అక్కర్లేదు. బీఎస్సీ వాళ్లూ, బీకాం వాళ్లూ, కొత్తగా చేరిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ కూర్చుని తమ మాట తాము చెప్పుకుంటే చాలు.

నవల చదివితే మార్కులొస్తాయా అని ఇంటిదగ్గర అడుగుతారు. రావు. ఉద్యోగమూ రాదు. పక్క మంచం మీద పడుకున్నవాడికి నిద్ర ఎందుకు పట్టడం లేదో అడగాలన్న బుద్ధి మాత్రం వస్తుంది. మూడేళ్ల చదువులో అదీ ఒక పాఠమేనని నా నమ్మకం.